అరగని అంచులు

పగవాడికి కూడా ఈ జబ్బు రాకూడదంటారు జనం. ఎందుకు రాకూడదో శివజ్యోతికి ఏనాడూ బోధపడలేదు. పగవాడికి కాకపోతే మరెవరికి రావాలట? కల్లూరు నుంచి షేర్ ఆటోలో వచ్చి, చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకునే రొమ్ములో గడ్డకు సూది వేయించుకుని పోయిందే నిన్నటి అమ్మాయి, ఆమెకు రావచ్చా? ఆమెకు వస్తే కర్మ అంటారు, తలరాత అంటారు, నోరు మూసుకుంటారు. నారాయణకు వస్తే మాత్రం అయ్యో అనాలి. అనదు, చచ్చినా అనదు. కర్నూలులో ఒక సందు చివర, డయాగ్నస్టిక్ సెంటరు లోపలి గదిలో, మైక్రోస్కోపుకు రెండువైపులా మోచేతులు ఆనించుకుని డాక్టర్ శివజ్యోతి కడుపారా అనుకుంటోంది, వచ్చింది కదరా నీకు, వచ్చింది. అద్దం కింద ఉన్నది నారాయణ తొడ గడ్డలోంచి లావుపాటి సూదితో లాగిన దారప్పోగంత కండ. బేతంచెర్ల నారాయణ. గనులూ, బండలు నునుపుచేసే ఫ్యాక్టరీలూ, ముగ్గురు కొడుకులూ ఉన్న నారాయణ. పాతికేళ్ళ కిందట ఆమె తండ్రి బసవరాజును బండల లారీ పక్కన చంపించాడని ఊరంతా చెప్పుకునే నారాయణ. ఏ కోర్టూ తేల్చలేదు, ఏ సాక్షీ నిలబడలేదు. ఇప్పుడు వాడి కండ తనంతట తానే నడిచొచ్చి ఆమె కళ్ళకింద పడుకుంది. కాగల కార్యం గంధర్వులే తీర్చారంటే ఇదే కాబోలు.

తీర్చారో లేదో ఇంకో గంటలో తేలుతుంది. పక్కగదిలో యేసుప్రసాద్ రంగు వేస్తున్నాడు. ఆమె ఈ సెంటరుకు రాకముందు నుంచీ ఉన్న టెక్నీషియన్, తొందరపెడితే ఇంకా నిదానిస్తాడు. "మందు పట్టల్ల గదా మేడం, గంట పడతాది," అని తలుపు వేసుకున్నాడు. గంట. బయట ఎండ నిప్పులు కక్కుతోంది, ఏసీ గొణుగుతోంది, ఆమె చూసిందే మళ్ళీ మళ్ళీ చూస్తోంది. ముక్కలో ముప్పాతిక వంతు మామూలు మచ్చకండే, ఎప్పుడో తగిలిన దెబ్బ మానినట్టు. ఒక్క పక్కన మాత్రం, గుంపుగా కూడా కాదు, అక్కడొకటి అక్కడొకటి, వంకర టింకర కణాలు, నల్లగా, ఉండాల్సినదానికి నాలుగింతలు. చూడగానే ఆమె వెన్ను నిటారైంది. చెడ్డదేనని కళ్ళకు తెలుస్తోంది, కాగితం మీద పెట్టడానికి ఈ రంగు కావాలి. పెట్టకపోయినా అడిగేవాడు లేడు, అదీ సంగతి. పాత దెబ్బ, మానిన మచ్చ, భయం లేదు అని రెండు ముక్కలు రాసి పంపితే సర్జన్ నమ్ముతాడు, కొడుకులు కొబ్బరికాయ కొడతారు, నారాయణ బిర్యానీ తిని పడుకుంటాడు. లోపల అది పెరుగుతుంది. ఊపిరితిత్తులకు పాకేదాకా ఎవరికీ అనుమానం రాదు. వచ్చినా, అంత చిన్న ముక్కలో కనబడలేదంటే ఎవరైనా సరేనంటారు. ఆమె చేతికి మట్టి అంటదు. ఆ రోజు వాడి చేతికి మాత్రం అంటిందా?

పొద్దున గాజుపలక మీద పేరు చూడగానే, ఆగలేక, అవ్వకు ఫోన్ చేసింది. నోట్లో నువ్వుగింజ నానదే నీకు అని చిన్నప్పటి నుంచీ తిట్టే అవ్వకే చేసింది. మహాదేవమ్మ, బసవరాజును కన్నతల్లి, ఎనభై దాటి, కల్లూరులో కొత్తగా కట్టిన ఇంట్లో, మార్బుల్ నేల మీద కాలు జారుతుందని విసుక్కుంటూ గోడ పట్టుకుని నడిచే మనిషి. ఆ మాట వినగానే గొంతు పడుచు పిల్ల గొంతయింది. "వాడేనా? తొడలోనా? నీ చేతికే వచ్చినాడా?" అని మూడుసార్లు అడిగింది. తర్వాత అంది, "ఏమీ ల్యాదని రాయే పాపా. వాడు నవ్వుకుంటా ఇంటికి పోనీ. నీ నాయన కూడా ఆ పొద్దు నవ్వుకుంటానే పోయినాడు." సరే అనలేదు శివజ్యోతి, కాదనీ అనలేదు. పని ఉందని పెట్టేసింది. అప్పటి నుంచీ ఆ మాట తలలో తిరుగుతోంది, ఏమీ ల్యాదని రాయే, ఏమీ ల్యాదని రాయే, ఎంత తేలికైన మాట, ఎవరికైనా చెప్పదగిన మంచిమాట.

ఆమె చదివిన పెద్దచదువంతా క్యాన్సరు కణాల కొసల గురించే. అవ్వ కప్పుకునే గొర్రెబొచ్చు కంబళికి కొసన ముడులు వేసిన కుచ్చులు ఉంటాయి, అవి ఉన్నంతకాలం నేత విడిపోదు. కణంలో ప్రతి క్రోమోజోముకూ రెండు కొసలా అలాంటి కాపుదల ఉంది, టెలోమియర్ అంటారు. కణం రెండైన ప్రతిసారీ అది కాస్త అరుగుతుంది. అరిగి అరిగి ముడి దగ్గరకు వచ్చిందంటే కణం ఇక చాలనుకుంటుంది, రెండవడం మానేస్తుంది, ముసలిదవుతుంది, పోతుంది. పద్ధతైన ఏర్పాటు. క్యాన్సరు కణం ఒక్కటే ఆ పద్ధతికి లొంగదు. తల్లి కడుపులో ఉన్నప్పుడు పనిచేసి, ఆ తర్వాత చాలా కణాల్లో మూలనపడే టెలోమరేజ్ అనే ఎంజైము ఒకటుంది. ఎక్కువ క్యాన్సర్లు దాన్నే నిద్రలేపుతాయి. అరిగిన కొసకు అది అరిగినంతా అల్లి పెడుతుంది. అరుగుతుంది, అల్లుతుంది, మళ్ళీ అరుగుతుంది, మళ్ళీ అల్లుతుంది, ఇంక దానికి చావెక్కడిది. థీసిస్ రాసే రోజుల్లో ఆ ఎంజైము పేరు టైపు చేసినప్పుడల్లా ఆమెకు అవ్వ మొహమే కనబడేది. పగ మాత్రం అరగాల్సిన సరుకు కాదా? తండ్రికి ఉన్నంత కొడుక్కు ఉండదు, మనవడి పెళ్ళికి ఆ ఇంటివాళ్ళు వచ్చి అక్షింతలు వేసి, తిని, తాంబూలం తీసుకుని పోతారు, ఎన్ని ఊళ్ళల్లో జరగలేదు. మహాదేవమ్మ ఇంట్లో అరగలేదు. ఆమె అరగనిస్తే కదా.

బసవరాజు దినాలు ముగిసిన రోజు, మైల విడిచాక నోరు తీపి చేయడానికి చుట్టాలు ఓళిగలు తెచ్చారు. పప్పూ బెల్లమూ పూర్ణం పెట్టి కాల్చినవి, కోస్తావైపు వాళ్ళు బొబ్బట్లంటారు. మహాదేవమ్మ ఆ ఆకును పక్కకు నెట్టింది. నారాయణ ఇంట్లో పీనుగ లేచిన్నాడు తింటాం తీపి, అంది. అంతే, ఆ ఇంట్లో మళ్ళీ బెల్లం కరగలేదు. ఉగాదికి వీధి వీధంతా నెయ్యి వాసనలో మునిగితే ఆ ఇంట్లో జొన్నరొట్టె, ఎర్రకారం. దసరాకూ అదే, పిల్ల పుట్టినరోజుకూ అదే. రొట్టె వేస్తూ అవ్వ చెప్పేది. బండల్ని లారీలో నిలువునా పేర్చి మోకుతో బిగించి కట్టడం, కింద నిలబడి మీ నాయన లెక్క చూసుకోవడం, ఎవరో మోకు కోయడం, పైనుంచి బండలు జారడం, మన గనికోసం, అంతా ఆ గనికోసం. ఏటా చెప్పేది, ఒక్క మాట తగ్గించకుండా, ఒకటో రెండో కలుపుతూ. మగపిల్లవాడు లేని ఇంట్లో పొలం అల్లుడికి పోతుందేమో గానీ పగ మాత్రం ఆడపిల్లకే వస్తుంది. శివజ్యోతికి వచ్చింది. దాన్ని కళ్ళకద్దుకుని తీసుకుంది, ఎందుకబద్ధం.

అమ్మ ఆ రొట్టె తినలేకపోయింది. ఒకనాడు ఆదోనికి, పుట్టింటికి పోయి అక్కడే ఉండిపోయింది, పిల్లను మాత్రం అవ్వ వదల్లేదు. ఎండాకాలం సెలవులకు పంపేది. పన్నెండేళ్ళప్పుడు కాబోలు, అమ్మ తలుపు గడియపెట్టి, పెనం మీంచి నేరుగా తీసిన ఓళిగను నెయ్యి ఓడుతుండగా చేతిలో పెట్టింది, "తినే, ఎవరికీ చెప్పన్లే" అంది. ఎంత మెత్తగా ఉంది, ఎంత వేడిగా ఉంది, నాలుక కాలుతున్నా ఆగలేదు, ఇంకోటి అడిగి మరీ తింది. తిరిగొచ్చిన సాయంత్రం అవ్వ ఆమె అరచేయి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. కొట్టలేదు, తిట్టలేదు. "నీ నాయన్ని తిన్నావే," అని లోపలికి పోయి ముసుగుపెట్టి పడుకుంది. శివజ్యోతి పెరట్లోకి పోయి గొంతులో వేలు పెట్టుకుని, ఎప్పుడో అరిగిపోయినదాన్ని కక్కడానికి చూసింది. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఆకు మీద తీపి పడితే ఆ పులుపే గొంతులోకి ఎగదన్నుతుంది. పన్నెండేళ్ళ పిల్ల పెరట్లో మోకాళ్ళ మీద కూర్చుని కక్కుకుంటుంటే నువ్వెక్కడున్నావురా నారాయణా, ఏ కొడుక్కి ఏ బడిలో సీటు కొంటున్నావు?

"మేడం." యేసుప్రసాద్ తలుపు సందులో తల పెట్టాడు. "బయట పెద్దాయనొకరు కూర్చోనుండాడు. బేతంచెర్ల అంట. డాక్టరమ్మ నోటితోనే ఇనల్ల, అంతవరకు లేయనంటాండాడు."

"కొడుకులు?"

"ఎవరూ ల్యారు. వాళ్ళకు చెప్పకుండా వచ్చినట్టుండాడు."

లేచి గాజు తలుపు దగ్గరకు పోయింది. చూసి, వీడా, అనుకుంది. ఆమె తలలో ఉన్న నారాయణ తలుపు పట్టనంత మనిషి, మీసం, బొంగురు గొంతు, ఎప్పుడూ గట్టిగా నవ్వుతూ. బెంచీ మీద ఉన్నది ఎండిన మనిషి, తెల్లచొక్కా భుజాల మీంచి జారుతోంది, కుడికాలు చాపుకుని, తువ్వాలు మడిచి తొడ మీద పెట్టుకున్నాడు. ముసలివాడైపోయి మోసం చేశాడు. ఇన్నేళ్ళు పళ్ళు నూరింది ఈ పిడికెడు ఎముకల మీదనా? పొద్దున వీడి పెద్దకొడుకు ప్రవీణ్ వచ్చి, ఆమె ఎవరో తెలియక, చేతులు జోడించాడు. "ఏదన్నా ఉంటే మాకు చెప్పండి మేడం. మా నాయనకు మాత్రం వద్దు. కొవ్వు గెడ్డ అని చెప్పినాం. తెలిస్తే గుండె ఆగిపోతాది," అని. ఇక్కడ అందరూ అంతే. వేటకొడవలికి జడవని ఇళ్ళల్లో కూడా ఈ ఒక్క మాట పైకి అనరు, జబ్బు మనిషికి తప్ప వీధిలో అందరికీ తెలిసి ఉంటుంది. ఏమిటో ఆ ప్రేమ! తనకూ ఒక నాయన ఉండి ఉంటే ఇలాగే ఏ డాక్టరు ముందో చేతులు జోడించి ఉండేది. ఆ అబద్ధం చెప్పే భాగ్యం కూడా ఆమెకు మిగల్చలేదు వీడు.

మళ్ళీ వచ్చి కూర్చుంది. ఇంకా మందు పట్టలేదు. కండలో పుట్టే ఈ జాతి గడ్డల్లో చాలావాటికి ఆ అల్లే ఎంజైము కూడా అక్కర్లేదు. అవి ఇంకో దారి పట్టాయి. అరిగిన కొస పోయి పక్క క్రోమోజోము కొస మీద వాలుతుంది, దాన్ని చూసి చూసి తన కొసను పొడిగించుకుంటుంది. పూర్తిగా అరువు సరుకు. అలా చూసి రాసుకోకుండా కాపలా కాసే ప్రోటీన్ ఒకటి ఉంటుంది, అది పోయిందంటే కణం ఎడాపెడా రాసుకుంటుంది. యేసుప్రసాద్ వేస్తున్న రంగు ఆ కాపలాదారు ఉన్నాడో లేడో చెప్పడానికే. చూసి రాసుకోవడం. కళ్ళు మూసుకుని నాయన్ని తలుచుకుంది, ఎప్పటిలాగే. కనుబొమల మీద తెల్లటి బండపొడి. అది అవ్వ చెప్పింది. భుజాన ఎక్కించుకుని రైలు చూపించడానికి స్టేషన్‌కు తీసుకుపోవడం. అదీ అవ్వ చెప్పిందే. నవ్వు? ఆ నవ్వు అవ్వ నవ్వి చూపించిన నవ్వు. గొంతు? ఎంత ప్రయత్నించినా అవ్వ గొంతులోనే మాట్లాడుతున్నాడు. వాసన, అరచేయి గరుకు, ఏదైనా ఒక్కటి, అవ్వ చెప్పనిది, తను చూసింది, తన సొంతం? తొమ్మిదేళ్ళ పిల్లకు ఏమీ గుర్తుండదా? ఉండే ఉంటుంది, దాని మీద అవ్వ రాసి రాసి కింద ఉన్నది చెరిగిపోయింది. ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అవ్వ మీద వచ్చింది. అమ్మ మీద, వదిలిపోయినందుకు. తిరిగి తిరిగి మళ్ళీ ఆ బెంచీ మీద ముసలాడి మీదికే వచ్చింది. మనిషిని తీసుకుపోయావు సరే, జ్ఞాపకాన్ని కూడా తీసుకుపోయావు కదరా. నిన్ను ద్వేషించడానికి కూడా నాకు అవ్వ మాటలే దిక్కయ్యాయి.

యేసుప్రసాద్ గాజుపలక తెచ్చి పెట్టి పోయాడు. ఆమె కళ్ళు ఆనించింది. రక్తనాళాల గోడల్లో మంచి కణాలకు గోధుమరంగు పట్టింది, వాటికి కాపలా ఉంది. వంకర కణాలు ఒక్కటంటే ఒక్కటి రంగు పట్టలేదు, ఉత్త నీలం, ఖాళీ. ఇంక సందేహం లేదు. చెడ్డది, చెడ్డవాటిలో చెడ్డది, చావు మరిచిపోయినది. రిపోర్టు తెర మీద తెరిచి, తేలింది రాసే చోట వేలు ఆపింది. రెండు వాక్యాలూ సిద్ధంగా ఉన్నాయి. రెంటికీ సంతకం ఒకటే. పిలవమని యేసుప్రసాద్‌కు గట్టిగా చెప్పింది, గొంతు అవ్వ గొంతులా వినబడి ఉలిక్కిపడింది.

నారాయణ గోడ పట్టుకుని వచ్చాడు. కూర్చోమనకుండానే కూర్చున్నాడు. ఆమె మొహం చూశాడు, తల తిప్పలేదు. "బసవరాజు పోలికే," అన్నాడు.

"తెలిసే వచ్చినావా?"

"తెలిసే ఈడికి పంపీమన్నా. నా కొడుకులు ముగ్గురూ కొవ్వు గెడ్డ అంటాండారు. డాక్టరు నాతో మాట్లాడతా వాళ్ళ మొగాలు చూస్తాండాడు. నాకు కావల్సినోళ్ళు ఎవరూ నిజం చెప్పరమ్మా. నాకు చెడ్డయితే సంతోషపడేటోళ్ళు యాడుండారా అని ఆలోచన చేసినా. వాళ్ళయితే మొగమ్మీదనే చెప్తారు గదా. మీ ఇల్లే కనపడింది."

వీడి మొహాన నిజం విసిరికొట్టి, ఆ మొహం ఎలా మారుతుందో చూడాలన్న సంతోషం కూడా ఉండింది ఆమె లోపల, ఎక్కడో, ఆ గంటంతా. వీడు దానికోసం ఒడిపట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ఇస్తే వీడు అడిగింది ఇచ్చినట్టు, దాస్తే వీడి కొడుకులు చేసిన పనే చేసినట్టు. ఎటు తిరిగినా ముందే వచ్చి నిలబడ్డాడు, దొంగముండాకొడుకు.

"ఊరికే చెప్పను," అంది. "ముందు నువ్వు చెప్పు. మా నాయన లారీకి మోకు ఎవరు కోసినారు?"

నారాయణ తువ్వాలు విప్పి, మళ్ళీ మడిచాడు.

"నేనే కోయించినా."

"భయపెట్టల్లనా? సంపల్లనా?"

"సంపల్లనే. భయపెట్టల్లని అనొచ్చు. అదయితే అబద్ధం," అన్నాడు.

అంతేనా! ఎంతమంది సాక్షులు తిరగబడ్డారు, అవ్వ ఎన్ని కోర్టు మెట్లెక్కింది, ఎన్ని ఉగాదులు జొన్నరొట్టె తిన్నారు, ఆ మాట ఇంత చిన్నదా, ఇంత తేలిగ్గా వచ్చేదా! ఇన్నాళ్ళూ ఎక్కడో అడుగున, ఏమో, మోకు దానంతట అదే తెగిందేమో అన్న అనుమానం ఒకటి దాక్కుని ఉండేది, అదీ పోయింది. ఇప్పుడు చెప్పొచ్చు. ఏమీ ల్యాదప్పా, పాత దెబ్బ, ఇంటికి పో. నాలుక మీదికి వచ్చేసింది ఆ మాట. ఒక్క ఊపిరి వదిలితే చాలు. వదలబోయి ఆగింది, ఎందుకంటే ఆ మాట కూడా అవ్వదే. పొద్దున ఫోనులో చెప్పిందే, అక్షరం తేడా లేకుండా. వీడి నోట సంపల్లనే అన్న మాట విన్నది అవ్వ కాదు, తను. ఈ గదిలో, ఈ చెవులతో. పాతికేళ్ళలో మొదటిసారి నాయన గురించి అవ్వ చెప్పనిది ఒకటి ఆమెకు తెలిసింది. దాని మీద పుట్టిన కసి వేరుగా ఉంది, కొత్తగా ఉంది, ఎవర్నీ చూసి రాసుకున్నది కాదు, దానికి వీడి చావు సరిపోదు. చస్తే వీడికి ఏముంది? కళ్ళు మూసుకుంటాడు, ఊరు ఊరంతా వెంట నడుస్తుంది, కొడుకులు సమాధి మీద నల్లరాయి పరుస్తారు.

"క్యాన్సర్," అంది. "శానా చెడ్డది. అయినా ఇంకా యాడికీ పాకలేదు, నీ ఛాతీ స్కాను చూసినా, బాగుండాది. ఈ వారంలోనే కోయించుకోవల్ల. తర్వాత కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకోవల్ల."

నారాయణ తలూపాడు. ఆ మాటకు వాడి గుండె ఆగలేదు. "కోస్తే బతుకుతానా?"

"బతకల్ల నువ్వు," అంది శివజ్యోతి. లేచి, బల్ల మీద చేతులు ఆనించి నిలబడింది. "సగం తొడ తీసేస్తారు, కాలు ఈడ్చుకుంటా బతకల్ల. కోసిన ముక్క నాకాడికే వస్తాది, నేనే చూస్తా. మూణ్ణెల్లకొకసారి ఈడికి రావల్ల. ఈ కుర్చీలోనే కూర్చోవల్ల. మళ్ళా వచ్చిందా ల్యాదా అని నా మొగం చూస్తా కూర్చోవల్ల. నీ కొడుకులు చెప్పరు. నేనే చెప్పల్ల. ఏండ్లకేండ్లు నా నోటి మాట కోసం ఎదురుచూడల్ల నువ్వు."

అప్పుడు దించాడు నారాయణ తల. తువ్వాలు నేల మీద పడినా వంగి తీసుకోలేదు. కూర్చున్నచోటే, "ఇది ఉత్త సావుకంటే కష్టమమ్మా," అన్నాడు. ఆమె రిపోర్టు రాసింది, ఒక్క మాట ఎక్కువ లేకుండా, ఒక్క మాట తక్కువ లేకుండా. సర్జన్‌కు ఫోన్ చేసి, ఆలస్యం చేస్తే ఊరుకోనని చెప్పి, మంచి రోజు చూడాలంటే వినొద్దని చెప్పి, సంతకం పెట్టి వాడి చేతికే ఇచ్చింది.

వాడు గుమ్మం దాటకముందే అవ్వ ఫోను. పొద్దుటి నుంచీ అన్నం ముట్టి ఉండదు. "ఏం రాసినావే?" అంది మహాదేవమ్మ, "పోయినాడా నవ్వుకుంటా?"

"నిజం రాసినా అవ్వా."

అవతల ఏదో కింద పడ్డ చప్పుడు. "అయితే కోస్తారు. బతికిపోతాడు. నీ నాయన్ని సంపినోణ్ణి బతికిస్తావా? నీదొక పుట్టుకేనా?"

శివజ్యోతి గాజు తలుపులోంచి చూస్తోంది. ఎండలో నారాయణ ఒక్కో అడుగూ కూడదీసుకుని ఆటో వైపు నడుస్తున్నాడు, రెండడుగులకొకసారి ఆగి వెనక్కి ఆమె గది వైపు చూస్తున్నాడు.

"వాణ్ని నేను సావనియ్యనవ్వా," అంది.